ఇంటి జిమ్ముకు ఎంత ఇనుము కావాలి?

నాంపల్లి స్టేషన్‌లో బండి దిగగానే ఎవరి హడావుడి వాళ్ళది. సామాన్లు లెక్కపెట్టుకోవడం, ఆటోవాడితో బేరమాడటం. ఈసారి దిగినప్పుడు ఒక్క నిమిషం ఆగి, కూలీ పెట్టె ఎత్తే తీరు చూడండి. ముందు తువ్వాలు చుట్టచేసి నెత్తిన పెట్టుకుంటాడు. పెట్టెను తన కాళ్ళ దగ్గరికి లాక్కుంటాడు. నడుం వంచడు, మోకాళ్ళు మడిచి కిందికి దిగుతాడు. పెట్టె మొదట తొడ మీదికి వస్తుంది, అక్కడి నుంచి ఛాతీకి ఆనుకుంటుంది, ఆ తర్వాత ఒక్క ఊపులో నెత్తి మీదికి చేరుతుంది. ఇంతసేపూ అది ఒంటిని అంటిపెట్టుకునే ఉంటుంది.

ఎందుకలా? లెక్క చిన్నదే. నడుము దగ్గర వెన్నెముకను వెనక నుంచి లాగి నిలబెట్టే కండరాలు వెన్నుపూసల నడిమధ్య నుంచి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. 10 కిలోల సంచిని చేతులు చాచి 50 సెంటీమీటర్ల ముందుకు పట్టుకున్నామనుకోండి. 10ని 50తో హెచ్చవేస్తే 500. వెనక 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్న కండరం దాన్ని సరితూచాలంటే 100 కిలోల బరువంత బలంతో లాగాలి. అదే సంచిని పొట్టకు ఆనించుకొని 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 40 కిలోలంత లాగితే చాలు. ముందుకు వంగితే మన తల, మొండెం బరువు కూడా ఈ లెక్కలో వచ్చి కలుస్తాయి. సంచి మారలేదు, చెయ్యి మారలేదు, దూరం ఒక్కటే మారింది. నడుము పట్టేసిందని మంచమెక్కేవాళ్ళలో చాలామంది ఈ దూరం సంగతి పట్టించుకోనివాళ్ళే.

బరువులెత్తడం నేర్చుకోవాలనుకునేవాళ్ళకు ఇది మొదటి పాఠం. దీనికి పైసా ఖర్చు లేదు. మిగతా పాఠాలకు ఎంతవుతుందన్నది ఇవాళ్టి కబురు.

మా మనవడు ఆమధ్య ఈ మాటే ఎత్తాడు. "తాతా, జిమ్‌ల చేరుదామంటే ఏడాది పైసలు ఒక్కపారే కట్టమంటున్నరు. అవే పైసలతోని ఇంట్లనే పెట్టుకోవచ్చు గదా?"

"నీ దగ్గర ఎన్ని ఉన్నయిరా?"

"ఐదు వేలు."

"మస్తు ఉన్నయి. కొన్ని మిగుల్తయి గూడ."

వాడు నమ్మలేదు. వాడి మనసులో ఉన్నది ఫోన్లో చూసిన జిమ్ము: అద్దాలు, తళతళలాడే మిషన్లు, నడిచే పట్టా. కానీ కండరం ఆ సామానును చూడదు. దానికి తెలిసేది లాగుడు ఒక్కటే. బరువు ఇనుముదైనా, ఇసుకదైనా, మన ఒంటిదైనా సరే, కండ పోగు మీద అలవాటు లేనంత లాగుడు పడినప్పుడు ఆ పోగు కొత్త ప్రొటీను కట్టుకోవడం మొదలుపెడుతుంది. ఈ కట్టుబడి ఒకటి రెండు రోజులు సాగుతుంది. అందుకే ఒక కండరానికి రోజు విడిచి రోజు పని చెప్పమంటారు.

ఈ సంగతిని గట్టిగా రుజువు చేసి చూపించింది ఆసుపత్రులే. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో, చికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో థామస్ డెలోర్మ్ అనే యువ డాక్టరు ఉండేవాడు. మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులతో వార్డులు నిండిపోయి ఉన్నాయి. అప్పటి వైద్యం తేలిక బరువును లెక్కలేనన్నిసార్లు ఎత్తించడం. డెలోర్మ్ దీన్ని తిరగేశాడు. పాదానికి ఇనుప చెప్పు కట్టి, పదిసార్లు మించి ఎత్తలేనంత బరువు తగిలించి ఎత్తించాడు. అది తేలికైనప్పుడల్లా ఇంకాస్త పెంచాడు. కాళ్ళు చకచకా బలపడ్డాయి. 1948 నాటికి వాట్కిన్స్ అనే డాక్టరుతో కలిసి ఆ పద్ధతిని మూడు విడతలకు కుదించాడు: పదిసార్లు ఎత్తగల బరువులో మొదట సగం, తర్వాత ముప్పావు, ఆఖరున పూర్తి బరువు, ఒక్కో విడతకు పదిసార్లు. ఇవాళ గల్లీ జిమ్ములో కోచ్ చెప్పే 'మూడు సెట్లు, పది రెప్పులు' వెనక ఆ ఆసుపత్రి వార్డు ఉంది.

మరి ఇంట్లో అంత బరువు లేకపోతే? దీనికీ జవాబు దొరికింది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో ఒక ప్రయోగం ప్రచురించారు. కుర్రాళ్ళ చేత పది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. కొన్ని కాళ్ళకు ఎత్తగల గరిష్ఠ బరువులో 80 శాతం, కొన్నింటికి 30 శాతమే. షరతు ఒక్కటే, ఇక ఎత్తలేను అనేదాకా ఎత్తాలి. చివర కొలిచి చూస్తే కండ పెరుగుదల రెండింట్లోనూ దాదాపు ఒకేలా ఉంది. ఒక్కసారి ఎత్తగల పెద్ద బరువు మాత్రం 80 శాతం వాళ్ళకే ఎక్కువ పెరిగింది. అంటే పోటీలకు వెళ్ళేవాడికి పెద్ద ఇనుము కావాలి. ఒంట్లో కండ నిలుపుకోవాలనుకునే మనలాంటివాళ్ళకు చిన్న బరువుతోనూ పని జరుగుతుంది, ఓపిక పట్టి చివరిదాకా చేస్తే.

అసలు ఖర్చే లేని బరువు మన ఒళ్ళు. మన ధూల్‌పేట, పాతబస్తీ తాలింఖానాల్లో పహిల్వాన్లు తరతరాలుగా చేస్తున్నవి దండీలు, బస్కీలే కదా. దండీలో ఉన్న సుఖమేమిటంటే, ఒకే ఒంటితో బరువును మార్చుకోవచ్చు. నేల మీద మామూలుగా దండీ తీసే మనిషి చేతుల మీద ఒంటి బరువులో సుమారు 64 శాతం పడుతుందని కొలిచి చూశారు. చేతులు రెండడుగుల ఎత్తు మీద పెడితే 41 శాతం. కాళ్ళు రెండడుగుల ఎత్తు మీద, చేతులు నేల మీద పెడితే 74 శాతం. 60 కిలోల మనిషికి ఇవి వరసగా 38, 25, 44 కిలోలు. మంచం అంచు, నేల, స్టూలు: ఈ మూడూ కలిపి మూడు బరువుల మిషను. మొదటిరోజే నేల మీద పడి ఒక్క దండీ తీయలేక సిగ్గుపడేవాళ్ళు గోడతో మొదలుపెట్టాలి. గోడ నుంచి మంచానికి, మంచం నుంచి నేలకు దిగడానికి రెండు మూడు నెలలు పట్టినా తప్పులేదు. మొదటి వారాల్లో పెరిగే బలం చాలావరకు కండది కూడా కాదు. ఎన్ని పోగుల్ని ఒక్కసారి పిలవాలో, ఏ వరసలో పిలవాలో నరాలు నేర్చుకుంటాయి.

తాలింఖానాలో ఇంకో సామాను కర్లా, చేత్తో పట్టి భుజాల చుట్టూ తిప్పే పొడుగాటి కర్ర గద. ఇంట్లో అది లేదా? రోకలి ఉందేమో చూడండి. రోకలిని నడిమికి పట్టి పైకెత్తండి, తేలికే. ఇప్పుడు ఒక చివర పట్టి అడ్డంగా నిలపండి. మణికట్టు వణుకుతుంది. బరువు గ్రాము పెరగలేదు, అది మన పిడికిలికి దూరంగా పోయిందంతే. స్టేషన్లో కూలీ తప్పించుకునే దూరాన్నే పహిల్వాను కావాలని తెచ్చుకుంటాడు. మణికట్టుకు, ముంజేతికి, భుజానికి ఇంతకు మించిన సామాను లేదని నా నమ్మకం. ఉత్తరాంధ్రలో వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకుని దేశాన్ని అబ్బురపరచిన కోడి రామమూర్తి నాయుడు పెరిగింది ఇలాంటి గరిడీ సామానుతోనే. ఆయన కాలానికి తళతళలాడే మిషన్లు లేవు. రోకలి తిప్పేటప్పుడు పక్కన పిల్లలు, నెత్తిమీద ఫ్యాను లేకుండా చూసుకోండి.

ఆ తర్వాత నీళ్ళు, ఇసుక. లీటరు నీళ్ళు కిలో బరువు. తూకం వేయనక్కర లేదు, గీత చూసుకుంటే చాలు. 20 లీటర్ల నీళ్ళ క్యాను నిండుగా ఉంటే 20 కిలోలు, సగమైతే పది. సగం క్యానులో నీళ్ళు అటూ ఇటూ తూలుతుంటాయి, వాటిని అదుపులో పెట్టడానికి పొట్ట, నడుము పక్కల చిన్న కండరాలన్నీ పనిలోకి దిగుతాయి. నిండు క్యానులో ఆ తూలుడు ఉండదు. పొడి ఇసుక లీటరుకు సుమారు కిలోన్నర పైన తూగుతుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో నీళ్ళు పోస్తే రెండు కిలోలు, ఇసుక పోస్తే మూడు దాటుతుంది. ఇల్లు కట్టే చోట అడిగి బక్కెటెడు ఇసుక తెచ్చుకొని బాగా ఎండబెట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని గోనెసంచిలో వేసి గట్టిగా కుట్టించండి. ఇరవై కిలోల మూట తయారు. పట్టుకోవడానికి పిడి లేకపోవడమే దాని గొప్ప. రెండు చేతులా కావలించుకొని ఎత్తాల్సిందే, నాంపల్లి కూలీలాగే.

ఇక్కడిదాకా మా వాడి ఐదు వేలు చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఇనుము దగ్గరికి వద్దాం.

ఎల్బీ స్టేడియం, అంటే పాతవాళ్ళు ఇప్పటికీ ఫతేమైదాన్ అనే చోటు నుంచి అబిడ్స్ వైపు నడిస్తే ఆటసామాన్ల దుకాణాలు తగులుతాయి. క్రికెట్ బ్యాట్లు, క్యారమ్ బోర్డుల పక్కనే గోడకు ఆనించి ప్లేట్లు పేర్చి ఉంటాయి. వాటిని కిలో లెక్కన అమ్ముతారు. మొదట రేటు అడగండి, తర్వాత దేని రేటో అడగండి. ఎందుకంటే పక్కపక్కనే రెండు రకాలుంటాయి. ఒకటి పోతపోసిన ఇనుము. రెండోది రంగురంగుల పీవీసీ తొడుగు లోపల సిమెంటులాంటిది నింపింది. రెండోది కిలోకు చవక. మా వాడి కళ్ళు దాని మీదికే పోయాయి.

"తాతా, గిది సగం రేటే!"

రెండింటిలోనూ ఐదు కిలోల ప్లేటు తీయించి కౌంటరు మీద పక్కపక్కన పెట్టించాను. ఇనుప ప్లేటు పల్చగా ఉంది. సిమెంటు ప్లేటు లావుగా ఉబ్బి ఉంది. పోత ఇనుము నీటికంటే సుమారు ఏడు రెట్లు బరువు, కాంక్రీటు రెండున్నర రెట్లకు లోపు. అంటే ఒకే బరువుకు సిమెంటు మూడింతలు చోటు తినేస్తుంది. డంబెల్ రాడ్డు పొడవు జానెడున్నర చిల్లర, మధ్యలో పిడికిలికి చోటు పోతే ఒక్కో పక్కకు మిగిలేది నాలుగైదు వేళ్ళు. అందులో సిమెంటు ప్లేట్లు రెండు పడితే మూడోదానికి జాగా ఉండదు. ఇవాళ ఆదా అయిన డబ్బు ఆరు నెలల తర్వాత మళ్ళీ కొనుక్కోవడానికి పోతుంది. నేలకు కొడితే తొడుగు పగిలి లోపలి పొడి రాలడం ఇంకో బాధ. ఇనుము అలా కాదు. తుప్పు పడితే గరుకు కాగితంతో రుద్ది కాస్త కొబ్బరినూనె పూస్తే మనవళ్ళ మనవళ్ళదాకా ఉంటుంది, అమ్మినా కిలో లెక్కన పోతుంది.

ఎన్ని ప్లేట్లు కొనాలి? ఇక్కడ మన అమ్మమ్మల వంటింటి లెక్క గుర్తు చేసుకోవాలి. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం: ప్రతి కొలపాత్రా కిందిదానికి రెట్టింపు. ఆ నాలుగైదు పాత్రలతో ఎంత బియ్యమైనా కొలిచేవారు. ప్లేట్లు కూడా అలాగే రెట్టింపు వరసలో తీసుకోవాలి: 1.25, 2.5, 5 కిలోలు. ఒక్కో పక్కకు ఈ మూడే ఉంటే ఏమేమి కుదురుతాయో వేసి చూడండి. ఏమీ లేకుండా ఖాళీ రాడ్డు, తర్వాత 1.25, 2.5, 3.75, 5, 6.25, 7.5, 8.75. మూడు ప్లేట్లకు ఎనిమిది మెట్లు, ఒక్క మెట్టూ తప్పిపోలేదు. అదే ఒక్కో పక్కకు 2.5 కిలోలవి మూడు కొంటే నాలుగు మెట్లే వస్తాయి. కంప్యూటర్ల లోపల అంకెలు నడిచేదీ ఈ రెట్టింపు వరసలోనే.

చిన్న ప్లేట్లను చిన్నచూపు చూడకండి. మన ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఆ రోజుల్లో పోటీల్లోనే బరువును రెండున్నర కిలోల మెట్లలో పెంచేవారు. అంతటి బలశాలికే మెట్టు రెండున్నర కిలోలైతే, పది కిలోల డంబెల్ పట్టే కుర్రాడికి ఒక్కసారి ఐదు కిలోలు పెంచడం సగం బరువు మీద పడ్డట్టే. భుజాలు పట్టేసేది ఇలాంటి తొందర దగ్గరే.

ఇంకో ఆదా చెప్పాను. డంబెళ్ళు రెండు కొనక్కర్లేదు, ఒక్కటి చాలు. అంటే ఒక రాడ్డు, మూడు సైజుల్లో రెండేసి ప్లేట్లు, రాడ్డు కాక మొత్తం 17.5 కిలోల ఇనుము. కుడిచేత్తో ఒక విడత, ఎడమచేత్తో ఒక విడత. ఒక పక్కన బరువున్నప్పుడు ఒరిగిపోకుండా నడుము అవతలి పక్క కండరాలు గట్టిపడాలి, ఆ వ్యాయామం ఊరికే వస్తుంది. కొనేటప్పుడు ప్రతి ప్లేటునూ తూకం వేయించండి. పోతలో బరువు కాస్త ఇటూ అటూ రావడం మామూలే, జతలు సరిపోయేలా ఏరుకోవాలి. తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి వినండి. ఖంగుమంటే మంచిది, బొంగురు మోత వస్తే ఎక్కడో బీట ఉందన్నమాట. రాడ్డు చివర మరలు, నట్టు నాలుగుసార్లు బిగించి విప్పి చూడాలి. పిడికిలి పట్టే చోట గరుకుగా గీతలుండాలి, నున్నగా ఉంటే చెమటకు జారుతుంది. దుకాణదారు ఇవన్నీ ఓపికగా చూడనిచ్చాడు. "దేఖ్‌లో సాబ్, ఇనుము ఎక్కడికీ పోదు," అన్నాడు. నాకాయన నచ్చాడు.

చేతిలో ఇంకా తక్కువుంటే పాతసామాను వెతకండి. మోజు తీరి మంచం కిందికి చేరిన డంబెళ్ళు ఈ ఊళ్ళో వేలల్లో ఉంటాయి. గురువారాలు జుమ్మేరాత్ బజార్‌లో తిరిగితే పాత ఇనుము ఏదో ఒక రూపంలో కంటబడుతుంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో శరీరనిర్మాణ శాస్త్రం బొమ్మల పుస్తకం ఒకటి కొనుక్కోమని మా వాడికి మరీ మరీ చెప్పాను. ఏ కండ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో బొమ్మలో ఒకసారి చూసినవాడు మోచెయ్యి ఎటు వంచాలో ఇంకొకరిని అడగడు.

బిగువు పట్టీల సంగతి చిన్నగా చెబుతాను. రబ్బరును ఎంత లాగితే అంత ఎదురులాగుతుంది. పొడవును సగానికి మడిచి పట్టుకుంటే బిగువు పెరుగుతుంది. పంక్చరు దుకాణంలో పాత సైకిల్ ట్యూబు అడిగితే ఊరికే ఇచ్చినా ఇస్తారు, కడిగి కోసుకుంటే అదే పట్టీ. ఎండ రబ్బరుకు శత్రువు, పగుళ్ళు కనిపించగానే పారేయాలి. ముఖం వైపు లాగే వ్యాయామాలు పాత ట్యూబుతో వద్దు.

వేలాడే కడ్డీకి ట్రూప్‌బజార్ ఉంది. ఇంచుంపావు జీఐ పైపు ముక్క, రెండు బ్రాకెట్లు, గోడలోకి దిగే యాంకర్ బోల్టులు. తలుపు చట్రానికి ఒత్తిడితో బిగించే కడ్డీలు కూడా అమ్ముతారు. అవి నిలబడేది రాపిడి మీదే, పాత ఇంటి చెక్క చట్రం కాస్త విచ్చుకుంటే మనిషి కడ్డీతో సహా నేల మీద ఉంటాడు. నాకు ఆ రకం మీద నమ్మకం లేదు. పైపు వేయించేటప్పుడు గోడ ఇటుకదా, కాంక్రీటు దూలమా అని మేస్త్రీకి చూపించి మరీ వేయించండి.

నేల గురించి చెప్పకపోతే కింది వాటావాళ్ళు నన్ను క్షమించరు. 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి చెయ్యి జారితే 196 జౌళ్ళ శక్తితో కిందికి వస్తుంది. ఆ శక్తి ఎంత దూరంలో ఆగుతుందన్నదే ప్రశ్న. టైలు మీద పడి 2 మిల్లీమీటర్లలో ఆగిందనుకుంటే నేలకు తగిలే దెబ్బ సుమారు పది టన్నుల బరువంత. మందపాటి రబ్బరు మీద పడి 2 సెంటీమీటర్లలో ఆగితే ఒక టన్నంత. ఇరవై మిల్లీమీటర్ల మెత్తదనం దెబ్బను పదోవంతు చేసింది. నాంపల్లి పాత ఇళ్ళలో షాబాదు బండ ఇంకా ఉంది, ఒక్క దెబ్బకు చీలిపోతుంది. రబ్బరు షీటు కొనండి. మొత్తం గదికి అక్కర్లేదు, నిలబడి ఎత్తే చోటుకు చాలు. ఇనుము తర్వాత నేను డబ్బు పెట్టమనేది దీనికే.

సామాను సరే. ఎత్తేటప్పుడు లోపల ఏం జరుగుతుందన్నది నాకు ఇంకా ఇష్టమైన సంగతి, దాని వెనక మన తెలుగువాడు ఉన్నాడు కాబట్టి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో అమెరికా చేరారు. బోస్టన్‌లో బతుకుతెరువుకు ఆసుపత్రిలో చిల్లర పనులు చేస్తూ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి ప్రయోగశాలలో పనిచేశారు. ముందు రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఇద్దరి పేర్లతో ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి అని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకునేది అదే. ఆ కొలతతో కండరాన్ని పరిశీలిస్తుంటే ఒక విచిత్రం కనిపించింది. అంతవరకు మామూలు ఫాస్ఫేటు అనుకున్నదాంట్లో ఎక్కువ భాగం మామూలుది కాదు, క్రియాటిన్‌తో జతకట్టి ఉంది. 1927లో లోకానికి చెప్పారు: అది ఫాస్ఫోక్రియాటిన్. కండ పని చేస్తే అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్ళీ పోగవుతుంది. రెండేళ్ళకు ఏటీపీని కూడా వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే పని చేశాడు. అప్పటిదాకా కండను నడిపించేది లాక్టిక్ ఆమ్లమేనని గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం వెనక 1922 నోబెల్ పొందిన హిల్, మేయర్‌హాఫ్‌ల పరిశోధన ఉంది. సుబ్బారావు గారి కొలత దాని పునాదిని కదిలించింది. ఆ హిల్లే తర్వాత దీన్ని కండర శాస్త్రంలో విప్లవం అన్నాడు.

ఇప్పుడు డంబెల్ చేతిలోకి తీసుకోండి. మొదటి ఎత్తుకు ఖర్చయ్యేది కండలో సిద్ధంగా ఉన్న ఏటీపీ. అది రెండు మూడు సెకన్లకు మించి రాదు. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఇచ్చి ఏటీపీని మళ్ళీ తయారు చేస్తుంది. గట్టిగా పని చేస్తే ఈ నిల్వ పది సెకన్ల ముచ్చట. తర్వాత భారం చక్కెర మీద పడుతుంది, మంట మొదలవుతుంది. ఎనిమిదో ఎత్తుకో పదో ఎత్తుకో చెయ్యి మొరాయిస్తుంది. దింపి కూర్చోండి. అర నిమిషంలో ఫాస్ఫోక్రియాటిన్ సుమారు సగం తిరిగి వస్తుంది, మూడు నాలుగు నిమిషాల్లో దాదాపు పూర్తిగా నిండుతుంది. విడతకీ విడతకీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగమని చెప్పేది ఇందుకే. మా వాడు ఆ ఆగడాన్ని బద్ధకం అనుకొని ఆయాసపడుతూ వెంటవెంటనే ఎత్తేవాడు. ఈ కథ చెప్పాక కుదురుగా కూర్చుంటున్నాడు, కాకపోతే ఫోను పట్టుకొని.

ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే బరువు ముట్టాలి.

బరువులెత్తితే పొట్ట కరుగుతుందా అని అడిగేవాళ్ళకు ఒక లెక్క. 60 కిలోల మనిషి ఒక అంతస్తు, అంటే మూడు మీటర్లు ఎక్కితే చేసిన పని 1,764 జౌళ్ళు. ఒళ్ళు నాలుగు వంతులు ఖర్చుచేసి ఒక వంతు పని చేస్తుంది కాబట్టి ఖర్చు 1.7 క్యాలరీలు. ఒక ఇడ్లీ యాభై క్యాలరీలనుకుంటే దాన్ని అరిగించడానికి ముప్పై అంతస్తులు ఎక్కాలి. పొట్ట సంగతి పళ్ళెం దగ్గర తేలాలి, డంబెల్ దగ్గర కాదు. నడవాలనుకుంటే పబ్లిక్ గార్డెన్స్ ఉంది, ట్రెడ్‌మిల్ కొనొద్దు.

దుకాణంలో ప్లేట్ల పక్కనే ప్రొటీను పొడి డబ్బాలు కూడా పెడతారు. ఒక్క డబ్బా ధర మా వాడి జిమ్ము ఖర్చులో సగం పైన. మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. పెద్దవాళ్ళకు ఒంటి బరువు కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీను చాలని వాళ్ళు చెబుతారు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తేవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గుప్పెడు పల్లీల్లో ఏడు, గిన్నెడు పప్పులో మరో ఏడు, పైన పెరుగు. కండ పెంచుకోవడానికి పొడులు వాడొద్దని ఆ సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది కూడా. ఆ డబ్బు గుడ్లకు, పల్లీలకు పెట్టించాను.

ఇదంతా కుర్రాళ్ళ ముచ్చట అనుకొని పేజీ తిప్పేస్తున్న నా తోటివాళ్ళు ఒక్క నిమిషం ఆగాలి. ముప్పై దాటిన దగ్గర్నుంచి కండ పదేళ్ళకు కొన్ని శాతాల చొప్పున తరుగుతూ వస్తుంది, అరవై దాటాక ఆ తరుగు వేగం పెరుగుతుంది. స్నానాలగది దగ్గర కాలు జారినప్పుడు నిలదొక్కుకోలేకపోవడం ఈ తరుగు పనే. బోస్టన్‌లో 1990లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్ళవాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించింది. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైల్లో!

మనకు డంబెల్ కూడా అక్కర్లేదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీ ఒకటి చాలు, చక్రాలున్నది పనికిరాదు. అంచు మీద కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకొని, ఊతం లేకుండా లేచి నిలబడండి, మెల్లగా కూర్చోండి. కూర్చునేటప్పుడు దభీమని కూలబడకూడదు, మూడు లెక్కపెట్టేంతసేపు దిగాలి. కింది నుంచి కష్టమైతే కుర్చీ మీద దిండు వేసుకొని ఎత్తు పెంచుకోండి, పట్టు చిక్కాక దిండు తీసేయండి. రోజు విడిచి రోజు, ఐదుసార్ల చొప్పున రెండు విడతలు. పదిసార్లు తేలిగ్గా వస్తున్నప్పుడు కిలో కందిపప్పు ప్యాకెట్టు రెండు చేతులా గుండెకు హత్తుకొని లేవండి, ఆ పైన రెండు కిలోల ప్యాకెట్టు.